మీకు తెలుసా? ఉమ్మిలోంచి ఊడిపడే చుట్టాలు

అమెరికాలో ఉన్న బోధన్ కుర్రాడు ఇంట్లోనే ఉమ్మి నమూనా తీసి డీఎన్ఏ పరీక్షకు పంపితే, పేరైనా వినని వాళ్లు దగ్గరి చుట్టాలుగా కనిపించవచ్చు. కంగారొద్దు. తరతరాల మేనరికాలు, కులంలోనే పెళ్లిళ్ల వల్ల ఒకే పూర్వీకుడి డీఎన్ఏ ముక్కలు నాలుగు దారుల్లో దిగివస్తాయి. లెక్కలో అవన్నీ కలిసి, దూరపు బంధువు దగ్గరివాడైపోతాడు.

హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో ‘నేచర్’ పత్రికలో 25 భారతీయ సముదాయాల డీఎన్ఏ ఫలితాలు ప్రచురించారు. దాదాపు భారతీయులందరిలోనూ రెండు ప్రాచీన జనసమూహాల వారసత్వం ఉంది. ఆ కలయిక 1,900 నుంచి 4,200 ఏళ్ల కిందటిదని 2013లో లెక్కతేలింది. ‘మాది కల్తీలేని వంశం’ అనే పెద్దాయనకు ఇది చూపించాల్సిందే!

ఆ తర్వాత మాత్రం పెళ్లిళ్లు కులంలోనే జరుగుతూ తలుపులు బిగుసుకున్నాయి. వైశ్యుల్లో సూడోకోలినెస్టరేజ్ లోపం ఎక్కువగా కనిపించడం అందుకే. ఈ లోపం ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలాసేపు వదలదు. మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

నిజాంసాగర్ కాలువ నీళ్లకోసం కోస్తా నుంచి వచ్చి బోధన్, వర్ని చుట్టూ క్యాంపులు వేసుకున్న రైతుల కథ మాత్రం ఈ డీఎన్ఏ పరీక్షల నివేదికల్లో దొరకదు. వందేళ్లు నిండని వలస అది. దానికి తాతయ్యను అడగాల్సిందే.