సరస్సా? చెరువా?

కొండల మధ్య సరస్సు అనగానే మనలో చాలామందికి ఊటీ, కొడైకెనాలు జ్ఞాపకం వస్తాయి. అక్కడికి పోవాలంటే రెండు నెలల ముందు రైలు టిక్కెట్లు, అందరికీ ఉన్ని కోట్లు, ఆ పైన ఒక నెల జీతం కావాలి. పైగా ఆ సరస్సులు ప్రకృతి ప్రసాదించినవనే భ్రమ ఒకటి. ఊటీ సరస్సును 1820లలో జాన్ సలివాన్ అనే దొర కట్టించాడు. కొడైకెనాలు సరస్సును 1863లో మధుర కలెక్టరు వెర్ లెవింజ్ కట్టించాడు. వారికి ఆరు వందల ఏళ్ళ ముందే కాకతీయులు కొండల సందులకు కట్టలు వేసి నిలిపిన నీళ్ళు మా వరంగల్లుకు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పేరు లక్నవరం. శనివారం పొద్దున బయలుదేరి, ఒక రాత్రి అక్కడ పడుకొని, ఆదివారం రాత్రి భోజనానికి ఇంటికి చేరవచ్చు. ఉన్ని కోట్లు అక్కరలేదు.

మేము వెళ్ళింది ఫిబ్రవరి చివర. నేను, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఒక అద్దె కారులో సర్దుకున్నాము. పులిహోర, పెరుగన్నం, సంక్రాంతికి చేసి డబ్బా అడుగున మిగిలిన సకినాలు వెంట ఉన్నాయి. ములుగు దాటితే రోడ్డుకు రెండు వైపులా అడవే. ఆకు రాల్చిన చెట్ల నడుమ మోదుగలు మాత్రం ఎర్రగా పూసి ఉన్నాయి. ఈ దారిలో వెళ్ళేవారికి ఒక మనవి. రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి మేడారం జాతర జరుగుతుంది. ఆ వారం షికారు ప్రయాణం పెట్టుకోకండి. ఆ రోజుల్లో రోడ్డంతా సమ్మక్క భక్తులదే.

జంగాలపల్లి దగ్గర పక్కకు తిరిగి రామప్ప చూచాము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన తరువాత జనం బాగా పెరిగారు. నీళ్ళలో తేలే ఇటుకల సంగతి మా అబ్బాయి నాకే పాఠంగా చెప్పాడు. అయితే వచ్చినవారిలో చాలామంది గుడి చూచి అటునుంచి అటే వెళ్ళిపోతున్నారు. కాస్త ముందుకు వెళ్ళి చెరువు కట్ట ఎక్కేవారు తక్కువ. కాకతీయుల పద్ధతిలో గుడి, దాని చెరువు, చెరువు కింద ఊరు కలిస్తేనే ధర్మకార్యం పూర్తయినట్లు. మన పెద్దలు సప్తసంతానాలు అన్నప్పుడు కొడుకు సరసనే చెరువునూ చేర్చారు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. చెరువును సముద్రమనగల ధీమా వారిది!

మధ్యాహ్నం మూడింటికి లక్నవరం చేరాము. చుట్టూ కొండలు, నడుమ నీళ్ళు, నీళ్ళలో అడవి కప్పిన దీవులు. పదమూడు దీవులని లెక్క చెబుతారు. ఒడ్డు నుంచి దీవికి వేలాడే వంతెన ఉంది. నలుగురు నడిస్తే ఊగుతుంది. మా అబ్బాయి కావాలని గంతులు వేస్తుంటే మా శ్రీమతి ఒక చేత్తో తీగను, మరో చేత్తో నా చొక్కాను పట్టుకొని దాటింది.

దీవుల అంచున ఎర్రమట్టి పట్టీ కనిపిస్తున్నది. నీరు తగ్గిందన్నమాట. మా పక్కన నిలబడిన ఒక పెద్దమనిషి భార్యతో విసుక్కున్నాడు: “ఫొటోల్లో నిండుకుండలా ఉంది. ఇంత దూరం వస్తే ఇదా! నీళ్ళన్నీ ఏమయినట్టు?”

మా అమ్మకు ఆ మాట వినపడింది. “పొలాలకు పోతున్నయి బిడ్డా. చెరువన్నంక పారకుంట ఉంటదా?” అన్నది. ఆయన మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు.

మా అమ్మాయి వెంటనే అందుకున్నది. “నాన్నా, ఇంతకూ ఇది సరస్సా, చెరువా?”

తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక జవాబు చెప్పక తప్పదు. సరస్సు తనంతట తాను ఏర్పడినా సరస్సే. చెరువుకు మాత్రం కట్ట ఉండాలి, నీరు వదలడానికి తూము ఉండాలి, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి మత్తడి ఉండాలి అన్నాను. “కింద పొలముండాలె,” అని మా అమ్మ నా నిర్వచనాన్ని పూరించింది. ఇక్కడ కొండలే తక్కిన కట్టంతా. మనుషులు కట్టినది కొండల నడుమ ఇరుకు సందులలో పొట్టి కట్టలే. అంత తక్కువ మట్టితో ఇంత నీటిని ఆపవచ్చునని ఏ కొండ ఎక్కి చూచి పసిగట్టారో!

సాయంత్రం కట్ట వైపు నడిచాము. అక్కడ ఒక రైతు సైకిలు ఆపి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. మా అమ్మే పలకరించింది.

“ఈయేడు నీళ్ళు వచ్చినయా బిడ్డా?”

“వచ్చినయవ్వా. పోయిన యాసంగికి మా కాలువకు వంతు రాలే. మూడెకరాలు బీడు పడ్డది. నేనూ మా ఇంటామె మిరపతోటలకు కూలికి పోయినం. ఈయేడు తైబందీల మా కాలువ పేరు రాసిన్రు.”

తైబందీ అనే మాట పట్నం పాఠకులకు కొత్త కావచ్చు. వానకాలం పోయాక చెరువులో ఎంత నీరుందో చూచి, యాసంగి పంటకు ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలకు ఇవ్వవచ్చునో రైతులూ అధికారులూ కూర్చుని తేల్చుకొనే ఏర్పాటు అది. నీరు చాలకపోతే వంతులు. వంతు రానివారు ఆ కారు నాటు వెయ్యరు. వేస్తే వరి పొట్ట మీద ఉండగా మడి ఎండుతుంది.

“వరి ఈనేదాక నీళ్ళు అందుతయా?” అని అడిగాను.

“ఇంక రెండు నెలలు పారాలె సారూ. రోజూ వచ్చి చూసుకుంటున్న. మీ అసొంటోళ్ళు వచ్చి, చెరువు తగ్గింది, ఎట్ల బాగుంటదని అంటున్నరు. నాకేమో తగ్గితేనే పానం నిమ్మళం. నా మడికి పోతున్నట్టు.” ఒక్క క్షణం ఆగి, “జల్ది తగ్గినా భయమే అనుకో,” అన్నాడు.

ఆ ఎర్రమట్టి పట్టీ తరువాత నా కంటికి వేరుగా కనిపించింది. దాని వెడల్పు ఎంతో అంత నీరు కిందనున్న వరిమళ్ళకు పోయిందన్నమాట. ఎండాకాలం సెలవులలో సందర్శకులకు నిండు జలాశయం చూపడానికని తూములు మూసి ఉంచాలని ఎవరైనా అంటే, ఆ సంతోషం ఖరీదు ఇతని మూడెకరాలు. పడవలు, వంతెనలు, హోటళ్ళు ఉండనివ్వండి. వాటివల్ల పది మందికి ఉపాధి. నీటి మీద మొదటి హక్కు మాత్రం కాలువదే. ఈ విషయంలో నేను మా అమ్మ పక్షం.

రాత్రి వరండాలో కూర్చుంటే మా అమ్మ పిల్లలకు సమ్మక్క కథ చెప్పింది. కరువు వచ్చి కోయలు కప్పం కట్టలేకపోయారు. ప్రతాపరుద్రుని సైన్యం దండెత్తి వచ్చింది. సమ్మక్క కొడుకు జంపన్న వాగులో ప్రాణం విడిచాడు. అది జంపన్నవాగైంది. “మరి చెరువులు కట్టించిందీ ఆ రాజులేగా?” అన్నది మా అమ్మాయి. అవును, వారే. చరిత్ర పుస్తకంలో ఒక సంగతి ఉంటే జాతరలో రెండో సంగతి ఉన్నది. రెండూ ఈ అడవిలోనివే.

చెరువుకు గడ్డు పరీక్ష కరువు ఒక్కటే కాదు. 2023 జూలై చివర, ఇక్కడికి దగ్గరలోనే ఉన్న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో అంతటి వాన అంతకు ముందు నమోదు కాలేదు. వాగులు ఊళ్ళ మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆ వరదలోనూ ఈ కట్టలు నిలిచాయి.

తెల్లవారి మంచు నీటి మీది నుంచి లేస్తున్నప్పుడు పడవ ఎక్కాము. ఆ అరగంట గురించి వర్ణన రాయను. తెల్లవారుజామున లేవలేనివారు లక్నవరం వెళ్ళనవసరం లేదని మాత్రం చెబుతాను. దీవుల మీద గదులు శని, ఆదివారాలకు ముందుగా మాట్లాడుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తెచ్చినవారు తిరిగి తీసుకువెళ్ళాలి. నీటిలో పారవేస్తే అవి తూముకు అడ్డం పడతాయి.

తిరుగు ప్రయాణంలో కాలువ పక్కన మా అమ్మ కారు ఆపించింది. ఇరువైపులా పచ్చగా వరి. పిల్లలు చెప్పులు విడిచి కాలువలో దిగారు. వెనకనే మా అమ్మ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని మోకాలి లోతు వరకు దిగి, అటు పక్క గట్టు మీద గడ్డి కోస్తున్న ఆమెను, ఏం వడ్లు వేశారని అడుగుతూ చాలాసేపు నిలబడింది.