ఆరు తూటాల లెక్క

సినిమాలో హీరో రివాల్వర్‌కి తూటాలు అయిపోవు. వానలో తడిసినా బురదలో పడినా అది పేలుతూనే ఉంటుంది. నిజం రివాల్వర్ అలా కాదు. దాంట్లో పట్టేవి మామూలుగా ఆరు తూటాలు. చెమట తగిలితే తుప్పు పడుతుంది, వాడేకొద్దీ అరుగుతుంది, కొన్నాక కూడా ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది. నగలు చేరవేసే వ్యాపారి కావచ్చు, ఊరికి దూరంగా తోటలో కాపురముండే రైతు కావచ్చు... ప్రాణభయం ఉందని లైసెన్సు తెచ్చుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఉన్న డబ్బులో ఏది కొనాలి? నడుముకు పెట్టుకోవడానికీ రేంజ్‌లో సాధన చేయడానికీ ఒక్కటే సరిపోతుందా? పది కాలాలపాటు మన్నుతుందా?

ముందు కాగితం... తర్వాతే తుపాకీ

మన దేశంలో దుకాణానికి వెళ్లి నచ్చిన తుపాకీ ఎంచుకోవడం కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు ఉండాలి. జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్‌లాంటి నగరాల్లో పోలీసు కమిషనరు ఇస్తారు. దరఖాస్తుదారుకి 21 ఏళ్లు నిండాలి, ఆయుధం ఎందుకు అవసరమో చెప్పాలి, పోలీసుల విచారణలో నెగ్గాలి. 2016 నాటి నిబంధనలతో భద్రతా శిక్షణ కూడా తప్పనిసరి అయింది. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

ఆ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో దాని మీదే రాసి ఉంటుంది. డబ్బులు కట్టేముందు ఆ పేజీ మరోసారి చదువుకోవాలి.

.32 ఎందుకు?

మామూలు పౌరుడు కొనగలిగే రివాల్వర్లలో ఎక్కువ భాగం .32 బోరువే. పోలీసులు, సైన్యం వాడే 9 ఎం.ఎం., .38 లాంటివి నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. ఈ .32 తూటా కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1896లో తెచ్చిన ‘.32 లాంగ్’ ఇది. చేతిని పెద్దగా కుదపదు, గురి చెదరనివ్వదు. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచిన 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలోనూ షూటర్లు ఎక్కువగా వాడేది ఈ జాతి తూటానే. కాకపోతే వాళ్ల చేతిలో ఉండేది పోటీలకోసమే చేసిన పిస్టల్.

ఇక్కడే ఓ చిక్కుంది. .32 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని తూటాలూ ఒకటి కావు. పిస్టల్‌కు వాడే .32 ఏసీపీ వేరు, రివాల్వర్‌కు వాడే .32 లాంగ్ వేరు. ఒకదాని బదులు ఒకటి కొన్నిసార్లు సిలిండర్‌లో దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చకూడదు. రివాల్వర్ మీద ఏ తూటా పేరుందో పెట్టె మీదా అదే ఉండాలి.

ధర చీటీ మీద కనిపించనివి

స్వదేశీ రివాల్వర్లకు పుట్టిల్లు కాన్పూర్. అక్కడి ఆయుధ కర్మాగారం చేసే .32 రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ నమూనాది. గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ తెరుచుకుని ఖాళీ తూటాలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. 2014లో మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ వచ్చింది. బరువు అరకిలో, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆడపిల్లల రక్షణ కోసమన్న ఆయుధం ఎంతమంది ఆడపిల్లలు కొనగలరని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. 2023 ఆగస్టులో ‘ప్రబల్’ వచ్చింది. దీని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు సుమారు 700 గ్రాములు. ఈలోగా ప్రైవేటు రంగంలోనూ ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతో .32 రివాల్వర్ల తయారీ మొదలైంది.

ధర అడిగేటప్పుడు పన్ను కూడా కలిపి అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే లక్ష రూపాయల ఆయుధం చేతికొచ్చేసరికి లక్షా నలభై వేలు. దానికి తోడు హోల్‌స్టర్, ఇనప పెట్టె, శుభ్రం చేసే సామగ్రి, సాధనకు తూటాలు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే కుదరదు. చేతిలో ఉన్నదంతా రివాల్వర్‌కే పెట్టేస్తే సాధనకు ఏమీ మిగలదు. సాధన లేని చేతిలో ఎంత ఖరీదైన ఆయుధమైనా ప్రమాదమే.

తేలికా? బరువా?

నడుముకు పెట్టుకునేవారు తేలికపాటిది కోరుకుంటారు. రేంజ్‌లో పేల్చేవారు బరువున్నది కోరుకుంటారు. కారణం చిన్నదే. తుపాకీ ఎంత తేలికైతే చేతికి అంత కుదుపు. గొట్టం ఎంత పొట్టిదైతే ముందు వెనక గురి ముక్కల మధ్య దూరం అంత తక్కువ, చిన్న తడబాటే లక్ష్యం దగ్గర పెద్ద తేడా. రెండు పనులకూ ఒక్కటే కావాలనుకుంటే ఉక్కుతో చేసినది, మూడంగుళాల గొట్టం, 700 గ్రాముల అటూ ఇటూ బరువు... ఇది మధ్యేమార్గం. రోజంతా మోయలేనంత బరువు కాదు, వరసగా యాభై తూటాలు పేల్చినా చెయ్యి నొప్పెట్టదు.

పిడి సంగతి మరచిపోవద్దు. చేతిలో ఇమడాలి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి సులువుగా అందాలి. హ్యామర్ వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కడానికి ఎక్కువ బలం పడుతుంది. ఇంట్లో ఇద్దరికీ లైసెన్సు ఉంటే ఇద్దరూ దుకాణానికి వెళ్లి పట్టుకుని చూడటం మంచిది.

మన్నిక తెలిసేదిలా...

మెరుగు చూసి మోసపోవద్దు. రివాల్వర్ ఆయుష్షు దాని బిగువులో ఉంటుంది. తూటాలు లేవని డీలరూ మీరూ చెరోసారి చూసుకున్నాక, ఆయన అనుమతితో ఇవి పరీక్షించండి.

- హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగేసరికి సిలిండర్ టక్కున ఆగి కదలకుండా నిలవాలి. ఆరు గదులకూ విడివిడిగా చూడాలి. గది గొట్టానికి ఎదురుగా నిలవకపోతే తూటా అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి.

- సిలిండర్‌ని ముందుకూ వెనక్కూ కదిపితే లటలటలాడకూడదు.

- సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు సన్నగా ఉండాలి. వెలుతురుకెదురుగా పెడితే వెంట్రుక మందం గీతలా కనిపించాలి.

- గొట్టం లోపల గాట్లు పదునుగా, మెరుస్తూ ఉండాలి. తుప్పు గుంటలుంటే వదిలేయడమే మేలు.

- గొట్టం కిందికి వంగే రకమైతే మూసినప్పుడు పై కొక్కెం గట్టిగా పట్టుకోవాలి. ఊగితే అరిగిపోయినట్టే.

పాత విదేశీ మోజు

‘తాతల నాటి వెబ్లీ అండీ, ఇప్పుడు ఎక్కడా దొరకదు’ అని ఊరించేవారుంటారు. 1980ల నుంచి విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు పౌరులకు ఆగిపోయింది. అందుకే దేశంలో ఉన్న పాతవాటికి చుక్కల్లో ధర. పేరు గొప్పదే కానీ స్ప్రింగు విరిగితే మరొకటి దొరకదు, చేయించే మేస్త్రీ దొరకడు. బడ్జెట్ చూసుకునేవారికి విడిభాగాలు, తూటాలు, మరమ్మతు మన దగ్గరే దొరికే స్వదేశీదే నిజమైన గట్టి సరుకు. ఎవరి దగ్గరైనా పాతది కొనాలనుకున్నా, అమ్మే వ్యక్తి ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. చేతులు మార్చుకోవడం ఆ తర్వాతే.

ఆరుసార్లు కాదు... అరవైసార్లు

కొన్నాక బీరువాలో పెట్టి మరచిపోయేవారే ఎక్కువ. అవసరమైన రోజున వణికే చెయ్యి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. అనుమతి ఉన్న రేంజ్‌లో, కోచ్ పక్కనుండగా, కంటికి అద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకుని క్రమం తప్పకుండా సాధన చేయాలి. పేల్చినప్పుడు శబ్దం మామూలుకన్నా మెల్లగా వస్తే వెంటనే ఆపేయాలి. తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక మరొకటి పేలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది, చెయ్యీ దక్కదు.

పేల్చిన ప్రతిసారీ గొట్టాన్నీ, ఆరు గదులనూ బ్రష్‌తో తుడిచి పలచగా నూనె పూయాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. అక్కడ వాడకపోయినా తరచూ తీసి తుడవాల్సిందే. తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి దాచడం చాలామంది చేసే పని. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే.

దాచడమే అసలు పరీక్ష

బయటికి తీసుకెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో, ఎవరికీ కనిపించకుండా ఉండాలి. పెళ్లి ఊరేగింపులో సరదాకి పేల్చినా నేరమే. 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకూ జైలు లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే పోలీసులు అడిగినప్పుడు స్టేషన్‌లో అప్పగించాలి.

ఇంట్లో మాత్రం తాళమే కాపలా. తలగడ కింద, చీరల అడుగున, కారు డాష్‌బోర్డులో... ఇవన్నీ పిల్లలకు తెలిసిన చోట్లే. రివాల్వర్‌కి పిస్టల్‌లా సేఫ్టీ మీట సాధారణంగా ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే పేలడమే. కొన్ని పాతవాటిలో కిందపడినా పేలకుండా ఆపే ఏర్పాటు ఉండదు. తూటాలు ఒకచోట, ఆయుధం మరోచోట, రెండింటికీ వేర్వేరు తాళాలు, తాళంచెవులు లైసెన్సుదారు దగ్గరే. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన కుంగుబాటులో ఉన్నా, మద్యం అలవాటు ముదిరినా ఆయుధాన్ని కొంతకాలం లైసెన్సున్న డీలరు దగ్గర భద్రపరచడం తెలివైన పని.

ఈ ఖర్చులూ జాగ్రత్తలూ అన్నీ కూడి చూసుకున్నాక కొందరికి సీసీ కెమెరా, గట్టి తలుపు, ఓ కాపలా కుక్క చాలనిపించవచ్చు. అదీ మంచి నిర్ణయమే. కొనక తప్పదనుకునేవారు మాత్రం దుకాణం మెట్లెక్కేముందు ఇనప పెట్టె ఎక్కడ బిగించాలో ఇంట్లో చూసుకోవాలి.