కొల్లేటి నీటిమీద కడపటి ఘంటసాల

కొల్లేటి లంకలలో పుట్టిపెరిగినవారికి పాట అనునది, పాడువాని మొగము కనబడకుండ, ఎక్కడో దూరపు గట్టునుండి, నీటిమీదుగా, గాలి దయదలచినంత మేరకు మాత్రమే చేరెడి వస్తువు. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరుగు దినములలో, మైకుసెట్టువారు తాటిచెట్లకు కట్టిన గొట్టములనుండి వెలువడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠము, కిక్కిస దుబ్బులను, తామర మడుగులను దాటుకొని మా ఊరిగట్టు చేరునప్పటికి, అందులో సగము గాలికి పోయి సగమే మాకు మిగిలెడిది. ఆ మిగిలిన సగమును వినియే నేను ఆ గాయకుని ఎఱిగితిని గనుక, ఇప్పుడు చెప్పబోవు నా పక్షపాతమునకు బీజము అక్కడనే పడినదని ముందుగా ఒప్పుకొనుట న్యాయము.

ఆ పక్షపాతమేమనగా, లోకమంతయు నెత్తిన పెట్టుకొను తొలినాళ్ల ఘంటసాలకంటె, కడపటి రెండుమూడేండ్ల ఘంటసాల నాకు ప్రియతరుడు. సినిమా పాటలకు స్వస్తి చెప్పవలెనన్న తలపుతో భగవద్గీతను పాడి, ఆ రికార్డు విపణికి వచ్చుట చూడకుండనే 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఆ ఏబదియొక్క యేండ్ల మనిషి కంఠము, నా చెవికి, ‘దేవదాసు’ పాడిన ముప్పదియేండ్ల యువకుని కంఠముకంటె నిండుగా తోచును. ఏబదియొక్క యేండ్లు వార్ధక్యమా అని అడుగువారుందురు. కాదు, అయినను ఆ కంఠము అప్పటికే ఒక పురుషాయుషపు బరువు మోసినది.

ఆ బరువెట్టిదో మన ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. కొల్లేటికి పడమట, గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టి, మృదంగము వాయించుచు తరంగములు పాడు తండ్రి భుజములపై సంగీతమును మొదట చూచి, ఆయన గతించిన పిదప విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, జోలె భుజమున వేసుకొని మధుకరము ఎత్తి చదువుకొని, 1942 ఉద్యమములో చెఱసాలకు పోయి వచ్చి, 1945లో ‘స్వర్గసీమ’లో నేపథ్యగాయకుడుగా తొలిగా గొంతు వినిపించిన వానికి, ఆ తరువాతి పాతికయేండ్లలో తెలుగునాట పాటయే తానైనంతటి కీర్తి దక్కినది. ‘పాతాళభైరవి’, ‘మాయాబజారు’, ‘లవకుశ’ చిత్రములకు సంగీతము కూర్చినవాడును ఆయనయే యని పిల్లలకు చెప్పిన, ఇంకను మిగిలినదేమున్నదని అడుగుదురు.

ఏలూరు పవరుపేటలో మా పెద్దమేనమామగారుండెడివారు. వై.ఎం.హెచ్.ఎ. హాలులో పద్యనాటకము ఏది పడినను ముందువరుసలో కూర్చుండి, రాగము సాగదీసినవానికి ఒన్సుమోరు, సాగదీయనివానికి మౌనము బహూకరించుట ఆయన వ్రతము. ఆయన యింట కుక్కబొమ్మ గ్రామఫోను ప్లేట్లు ఒక చెక్కపెట్టె నిండ నుండెడివి. వానిలో 1950నకు ముందువి వేఱుగా, గుడ్డలో చుట్టబడి యుండెడివి. వేసవి సెలవులలో ఏలూరు కాలువగట్టునుండి నడచివచ్చి, ఆ పెట్టెముందు కూర్చుండిన నాకును ఆయనకును ఈ విషయమున ఏండ్ల తరబడి తగవు జరిగెను. “ఒరే అబ్బాయ్, ‘జగదేకవీరుని కథ’లో ఆ దర్బారీ కానడ విన్నాక కూడా నువ్వీ మాట అంటున్నావంటే, నీ చెవుల్లో కొల్లేటి నాచు పట్టిందిరా” అని ఆయన అనెడివారు. “నాచు పడితే పట్టిందిగాని మావయ్యా, ఆ పాట విన్నప్పుడల్లా నాకు రామారావుగారే కనపడతారు, ఘంటసాల కనపడడు” అని నేను.

నా మాటలోని చిలిపితనము అటుండగా, అందులో కొంత నిజమున్నదని ఇప్పుడును నమ్ముచున్నాను. నేపథ్యగానమనునది పరకాయప్రవేశము. ఎన్.టి. రామారావునకు పాడినప్పుడు ఆ గొంతులో ఒక ఠీవి, అక్కినేని నాగేశ్వరరావునకు పాడినప్పుడు ఒక జాలి, పద్యమైనచో పౌరాణికపాత్రకు తగిన గాంభీర్యము. ఎవని పెదవులకు ఎంత కావలెనో అంత కొలిచి పోయగల ఆ నేర్పు అసామాన్యమే. కాని కొలిచి పోయువాని పాత్రలో తనకని మిగిలినదెంత? సినిమాకు వెలుపల కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ మున్నగు పద్యములను ఆయన తన పేరనే పాడినమాట వాస్తవము. మా అమ్మ ఆ ప్లేటు విన్నప్పుడెల్ల కన్నీరు పెట్టినమాటయు వాస్తవము. అయినను అచ్చట సైతము గాయకుడు మనలను ఏడిపింపవలెనని పూనుకొన్నట్లు తోచి, నాకు కొంచెము బెదురు.

గీతలో ఆ పూనిక లేదు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరి సేయుచు గుండెనొప్పితో ఆసుపత్రి చేరి, మధుమేహము వెంటనుండగా కొంత కోలుకొని, ఏడువందల శ్లోకములలో నూఱు పైచిలుకు ఏఱుకొని పాడిన ఆ రికార్డులో, వాద్యములను నడిపినవాడు తన గురుపుత్రుడగు సంగీతరావుగారు. ఇట విజయనగరపు జోలె తిరిగి ఆయన భుజమునకు వచ్చినట్లే నాకు తోచును. రాగము శ్లోకమును మోయునేగాని దానిపై ఎక్కి కూర్చుండదు. గమకము ఎంత కావలెనో అంతయే. తారస్థాయికి పోగల సందు దొరికినను పోడు. శ్లోకము ముగిసిన వెంటనే, నటుడెవ్వడును అడ్డు లేక, ఘంటసాల తెలుగు వచనములో తాత్పర్యము చెప్పును. ముప్పదియేండ్లు పరులకై గొంతు విప్పినవాడు మనతో నేరుగా మాటలాడుటను ఇంత సావకాశముగా నేను విన్నది అచ్చటనే.

నీటిసంగతి మఱల చెప్పవలసి యున్నది. వేగముగా, మెలికలు తిరుగుచు, తారస్థాయిలో ఎగిరెడి పాట నీటిమీదుగా వచ్చునప్పుడు ముక్కలై చేరును. మొదటి అక్షరము వినబడినచో మూడవది వినబడదు. పల్లవి గుర్తున్నవాడు తక్కినది ఊహించుకొనవలెను. నిదానముగా, అక్షరమునకు అక్షరమునకు నడుమ ఎడమిచ్చి పాడినది మాత్రము, తెల్లవాఱుజామున గాలి పడియున్నవేళ, తాటిదోనెపై పోవువానికి సైతము చెక్కుచెదరక అందును. ఉప్పుటేటి వైపు వలలు తీయబోవుచున్న మా పాలేరొకడు, సంస్కృతము ఒక్కముక్క ఎఱుగనివాడు, గెడవేయుట ఆపి గీత వినిన ఉదయమొకటి నాకు జ్ఞాపకమున్నది. వానికి తెలిసినదేమో నే నెఱుగను గాని, దోనె కొంతసేపు తనంత తాను కొట్టుకొనిపోయెను.

సినిమా పాటనుండి భక్తిగానమునకు మరలిన ఇట్టి త్రోవ ఘంటసాల ఒక్కనిదే కాదు. తెనాలి సమీపపు మోపఱ్ఱులో పుట్టిన ఎం.ఎస్. రామారావుగారు తెలుగు చిత్రముల తొలితరపు నేపథ్యగాయకుడు. ఆ పాటలు నేడెందఱికి తెలియును? ఆయన పిమ్మట తెలుగున వ్రాసి పాడిన సుందరకాండ, హనుమాన్ చాలీసా మాత్రము మంగళవారము ప్రొద్దున వినబడని ఊరు మన డెల్టాలో అరుదు.

అయితే గీతకు పట్టిన దుర్గతియొకటి చెప్పక తప్పదు. తాడేపల్లిగూడెములో ఉల్లిపాయల మార్కెట్టు దగ్గఱ క్యాసెట్టు దుకాణమొకటి యుండెడిది. నా క్యాసెట్టు అఱిగిపోయి క్రొత్తది కొనబోగా దుకాణదారు నన్ను పరీక్షగా చూచి, “ఇంట్లో ఎవరికైనా ఏమైనా…?” అని మెల్లగా అడిగెను. ఏమియు లేదంటిని. “అదేనండీ, మీరు బేరమాడుతుంటే అనుమానం వచ్చింది. గీత కొనేవాళ్లు బేరమాడరండి, సాయంత్రంపూట పరుగెత్తుకొచ్చి అడిగినంత ఇచ్చి పోతారు” అనెను. శవవాహనము వెంట మ్రోగి మ్రోగి ఆ కంఠము మన జనులకు చావుకబురైపోయినది. యుద్ధభూమిలో కూలబడినవానిని లేపి నిలబెట్టుటకు చెప్పిన మాటలు, ఇక లేవనివానికి మాత్రమే వినిపించు ఆచారము ఎవరు పెట్టిరో!

1971లో ఘంటసాల ఐరోపాయు అమెరికాయు తిరిగి కచేరీలు చేసినప్పుడు, ఉత్తర అమెరికా తెలుగు సంఘము ఇంకను పుట్టలేదు. దాని తొలి మహాసభ జరిగినది 1977లో. ఇప్పుడు నేనున్న ప్రవాస తెలుగు సంఘపు పెద్దలలో ఆనాటి శ్రోతలొకరిద్దఱున్నారు. వారు చెప్పునదెల్ల పాత సినిమా పాటల ముచ్చటయే. ఈ యేటి ఉత్సవమునకు వేసిన పాటల పట్టికయు అట్టిదే: ఒకటి తప్ప అన్నియు 1965నకు వెనుకటివి, ఆ ఒకటియు పట్టుబట్టి నేను చేర్పించినది. సభావేదికపై గీత యనగానే కార్యదర్శిగారి సతీమణి అదిరిపడి, “శుభమా అని పండగ చేసుకుంటుంటే అదేంటి అన్నయ్యగారూ!” అనెను. రెండువారములు నేను తగ్గలేదు, ఆమెయు తగ్గలేదు. తుదకు కార్యదర్శిగారు మధ్యేమార్గముగా నాకు పదినిమిషములు ఇచ్చిరి. శనివారము ఉదయము ఏడున్నరకు, వేదికపైన కాదు, భోజనశాలలో, ఉప్మా వడ్డించుచుండగా, మైకు కొంచెము తగ్గించి.