పడుకోబెట్టడమే ప్రేమా?

మన ఇళ్ళల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మొదట వినిపించే మాట "నువ్వు కదలకు, పడుకో". మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే వచ్చేస్తుంది. క్యాన్సర్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

పోయినేడాది మా పెద్దమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్‌కి కీమో జరిగింది. ఇంట్లోవాళ్ళంతా అలాగే చూసుకున్నారు. డాక్టర్ గారు మాత్రం "రోజూ కాసేపు నడుస్తున్నారా అమ్మా?" అని అడిగారు. కీమోలో ఉన్న మనిషి నడవడమేంటి? ఆ డౌట్‌తో నేను చదివి తెలుసుకున్నవే ఇవి.

ముందు నీరసం సంగతి. ఎగ్జామ్స్ ముందు రాత్రంతా మేలుకుంటే మనకొచ్చే అలసట ఒక పూట పడుకుంటే పోతుంది. కీమో, రేడియేషన్ టైంలో వచ్చే నీరసం ఎంత నిద్రపోయినా పోదు. పైగా రోజంతా పడుకునే ఉంటే కండ కరుగుతుంది. కండ తగ్గితే బాత్రూం దాకా నడిచినా ఆయాసం. ఆయాసం వస్తే మళ్ళీ మంచమే. మా సీఎస్ వాళ్ళ భాషలో ఇది బ్రేక్ స్టేట్‌మెంట్ లేని లూప్. చిన్నపాటి నడక ఆ బ్రేక్ లాంటిది.

ఇది ఒక్క డాక్టర్ గారి మాట కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణుల బృందం 2019లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, వ్యాయామంతో నీరసం, ఆందోళన, డిప్రెషన్ తగ్గుతాయని చెప్పింది. వాళ్ళు చెప్పిన లెక్క వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున నడక లాంటివి, 2 సార్లు కండకు పనిచెప్పే వ్యాయామాలు. 2022లో అమెరికాలోని క్యాన్సర్ డాక్టర్ల సంఘం, నయం చేయడానికి ఇచ్చే ట్రీట్‌మెంట్ నడుస్తున్నప్పుడే పేషెంట్లకి వ్యాయామం సూచించాలని గైడ్‌లైన్ ఇచ్చింది.

30 నిమిషాలు అనగానే భయపడక్కర్లేదు. అది చేరాల్సిన చోటు మాత్రమే. వరండాలో 5 నిమిషాల నడకతో మొదలుపెట్టొచ్చు, పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం కూడా కాళ్ళకి మంచి వ్యాయామమే. కీమో ఎక్కించిన తర్వాతి రోజుల్లో తగ్గించి, ఓపిక వచ్చాక పెంచుకోవచ్చు. ఎంత స్పీడుగా నడవాలి? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత. అది చాలు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ భాగం మాత్రం స్కిప్ చేయకండి.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. క్యాన్సర్ ఎముకలకి పాకితే కొన్ని కదలికల వల్ల ఎముక విరగొచ్చు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గితే చిన్న దెబ్బకే రక్తం కారొచ్చు. తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి జనం ఉండే జిమ్ వద్దు. కొన్ని కీమో మందులకి అరికాళ్ళు మొద్దుబారతాయి, అలాంటివాళ్ళు గ్రిప్ ఉన్న చెప్పులేసుకుని, పక్కన మనిషిని పెట్టుకుని నడవాలి. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం లాంటివి వస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి. కీమో టైంలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే వ్యాయామం సంగతి పక్కనపెట్టి, ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి.

ఇంకోమాట. నడక కీమోకి బదులు కాదు. "ఇది చేస్తే మందులక్కర్లేదు" అనే వాట్సాప్ ఫార్వర్డ్‌లని నమ్మొద్దు.

మనలో చాలామంది హాస్టల్‌లో ఉంటాం. వీకెండ్‌కి ఇంటికెళ్తాం. ఇంట్లో ఇలా ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళుంటే, డాక్టర్ సరేనన్నాక, "కాసేపు నడుద్దామా?" అని అడగండి. మనం ఫోన్ జేబులో పెట్టి వాళ్ళ స్పీడులోనే నడవాలి. వాళ్ళు ఈరోజు వద్దంటే బలవంతం చేయొద్దు. రేపు మళ్ళీ అడగొచ్చు.