హనాకోకు కొరవడిందేమిటి?

టోక్యో పడమటి వైపు కిచిజోజి రైల్వే స్టేషన్ బయటికి రాగానే ఒక ఏనుగు కంచు విగ్రహం కనిపిస్తుంది. ఆ ఏనుగు పేరు హనాకో. థాయ్‌లాండ్‌లో 1947లో పుట్టి, రెండేళ్ళ గున్నగా జపాన్‌లోని ఉయెనో జూకి చేరింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ జూ తన ఏనుగులన్నిటినీ పోగొట్టుకుంది. మళ్ళీ ఏనుగును చూడాలని పిల్లలు తపించిన రోజులవి. మన నెహ్రూ ‘ఇందిర’ అనే ఏనుగును పంపిందీ ఆ 1949లోనే.

హనాకోను 1954లో ఇనొకషిరా పార్కు జూకి మార్చారు. 2016లో చనిపోయేదాకా కాంక్రీటు ఆవరణలో, మరో ఏనుగు తోడు లేకుండా అక్కడే బతికింది. 69 ఏళ్ళు బతికింది కదా, బాగా చూసుకున్నట్టే కదా అనేవాళ్ళున్నారు. చూసుకున్న మాట నిజమే. ఏనుగుకు జీవితంలో దవడ పళ్ళు ఆరు విడతలుగా వస్తాయి. చివరివి కూడా అరిగిపోతే అడవిలో మేత నమలలేక చనిపోతుంది. హనాకోకు పళ్ళు పోయాక సంరక్షకులు మేత సన్నగా తరిగి పెట్టి కాపాడుకున్నారు. అంత ప్రేమా తీర్చలేని లోటు ఒకటుంది. ఆడ ఏనుగు తల్లి, పిన్నమ్మలు, అక్కచెల్లెళ్ళ మందలో బతికే జీవి. మన చెవికి అందని మంద్రధ్వనులతో ఏనుగులు మాట్లాడుకుంటాయని 1980లలో శాస్త్రవేత్త కేటీ పేన్ కనిపెట్టారు. ఇనొకషిరాలో ఆ పిలుపుకు బదులిచ్చేవారే లేరు. ఆమెను వేరేచోటికి తరలించాలంటూ 2015లో దేశదేశాల వాళ్ళు సంతకాలు చేశారు. అప్పటికి వయసు మీరిపోయింది, కదిలించలేకపోయారు.

పైగా హనాకో ఆయుష్షు ఒక మినహాయింపు. యూరప్ జూలలో పుట్టిన ఆడ ఆసియా ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 18.9 ఏళ్ళని, మయన్మార్‌లో కలప లాగే ఏనుగులది 41.7 ఏళ్ళని 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంటే రోజూ చాకిరీ చేసే ఏనుగే ఎక్కువకాలం బతుకుతోంది.

ఆయుష్షు లెక్కకు దొరకని బాధ నడతలో బయటపడుతుంది. ఎలుగుబంటి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండటం, ఏనుగు నిలబడ్డచోటే ఊగుతూ ఉండటం మనం చూసేదే. దీన్ని స్టీరియోటిపీ అంటారు. అది కనబడలేదని జంతువు సుఖంగా ఉందనుకోవడానికీ లేదు. ఊగే ఏనుగు అలాగైనా ఒత్తిడిని కొంత తట్టుకుంటుండవచ్చు. కదలక మెదలక పడి ఉన్న జంతువు పరిస్థితి అంతకన్నా ఘోరం కావచ్చు.

జపాన్‌లోనే దీనికి ఒక జవాబు వెతికారు. హొక్కైదోలోని అసహియామా జూ 1990లలో మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు అక్కడివాళ్ళు, జంతువు సహజంగా ఏం చేస్తుందో అది చేయనిచ్చేలా ఆవరణలు కట్టారు. ఒరాంగుటాన్ నేలకు 17 మీటర్ల ఎత్తున తాడు పట్టుకుని దాటుతుంది, సీల్ నిలువు పారదర్శక గొట్టంలో పైకీ కిందికీ ఈదుతుంది. మంచి ప్రయత్నం. కానీ అన్ని జంతువులకూ ఇది చాలదు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బోనులో దాని పచార్లూ, దాని పిల్లల చావులూ అంత ఎక్కువని 2003లో పరిశోధకులు క్లబ్, మేసన్ చూపించారు. ధ్రువపు ఎలుగు సంచరించే మేరను ఏ జూ ఇవ్వగలదు? కొన్ని జంతువులను అసలు ఉంచకూడదు.

మన కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లో ఏనుగుల విషయంలో ఈ నిర్ణయమే తీసుకుంది. వాటిని జూలలో ఉంచరాదంది. అది అన్నిచోట్లా అమలు కాలేదు. ఈసారి మీ పిల్లలతో హైదరాబాదు జూకో, విశాఖ జూకో వెళ్ళినప్పుడు ఒక్క ఆవరణ దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. ఆ జంతువుకు తోడుందా, చేయడానికి పనుందా, మన కళ్ళకు దూరంగా వెళ్ళే చోటుందా చూడండి. లేకపోతే జూ అధికారులకు రాయండి.