నాస్తికుని సాక్ష్యము



“దేవుడు లేడనువానికి నీతి యెక్కడిది?” అని నన్ను పెద్దలు పలువురు అడుగుచుందురు. నేను దైవమును నమ్మినవాడనే. సందెవేళ దీపము పెట్టనిదే అన్నము ముట్టను. అయినను ఈ ప్రశ్నకు ఔనని తల యూపలేకున్నాను. అందులకు మా మేనమామగారు కారణము.

ఆయనకు దైవమునందు నమ్మకము లేదు. మా యూర నొకప్పుడు ఒక వితంతువునకును, పొరుగు రైతునకును గట్టు తగవు వచ్చెను. సరిహద్దురాయి పూర్వ మెచ్చట నుండెనో కన్నులార చూచినవారు మా మేనమామగా రొక్కరే. రచ్చబండ మీది పెద్దలు ఆయనను గుడిముందు కర్పూర మార్పి ప్రమాణము చేయుమనిరి. “అయ్యలారా, చూచినది చూచినట్లు చెప్పెదను. నమ్మకము లేని ప్రమాణము చేసితినా, అదియే నా మొదటి యబద్ధ మగును” అని ఆయన మనవి చేసెను. ఆ సాక్ష్యము చెల్లదనిరి. పొరుగు రైతు జంకు లేక కర్పూర మార్పెను. గట్టు అతని దాయెను.

ఇట్టి తగవే ఇంగ్లండు పార్లమెంటులోను జరిగినది. చార్లెస్ బ్రాడ్లా యను ప్రసిద్ధ నాస్తికుడు 1880లో నార్తాంప్టన్ నుండి ఎన్నికయ్యెను. దైవము పేర ప్రమాణమునకు బదులు సత్యప్రతిజ్ఞ చేసెదనని కోరగా సభవారు వలదనిరి. పోనిండు, మీ ప్రమాణమే చేసెదననగా, నమ్మనివాడవు గనుక దానికిని తగవనిరి. ఒక రాత్రి గడియారపు గోపురమున నిర్బంధించిరి కూడ. ఓటర్లు మరల మరల ఆయననే ఎన్నుకొనిరి. తుదకు 1886లో గాని ఆయనకు పీఠము దక్కలేదు. తన నమ్మకమును దాచి, పెదవులు కదిపియున్నచో తొలినాడే కూర్చుండెడివాడు గదా! ఆ ప్రమాణము బొంకువానిని ఆపలేదు. నిజము చెప్పినవానినే ఆపినది. 1888లో ఆయన పూనికతోనే సత్యప్రతిజ్ఞను అంగీకరించు చట్టము వచ్చెను. ఆయన భారతదేశమునకు మిత్రుడు. 1889లో బొంబాయి కాంగ్రెసు సభకు వచ్చెను. 1891లో మరణింపగా, లండనులో చదువుకొనుచున్న గాంధీగారు అంత్యక్రియలకు పోయిరి. ఆ సంగతిని తమ ఆత్మకథలో వ్రాసికొనిరి.

ఇక నాస్తికుడనగా నెవడు? మనుస్మృతి వేదనిందకుని నాస్తికుడనినది. పాణిని సూత్రమునకు వ్యాఖ్యాతలు చెప్పిన యర్థము పరలోకము లేదనువాడని. ఈ రెండింట ఈశ్వరుని ప్రసక్తియే లేదు. యజ్ఞములను, ధర్మమును ప్రాణముగా నెంచిన మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త యున్నాడను వాదమును గట్టిగా ఖండించెను. సృష్టికి ముందు ఏ కొఱతచే ఆయన సృష్టికి పూనుకొనెను, దేహము లేక ఎట్లు పూనుకొనెను అని ఆయన ప్రశ్నలు. ఆయనను ఎవరును అధర్మపరుడనలేదు. జైనులకు సృష్టికర్త లేడు. చీమకైనను హాని కలుగునని వారు పడు జాగ్రత్త మన మెఱుగనిది కాదు.

“మరి ఈ జగత్తును చేసిన దెవరు? కుండ యున్న చోట కుమ్మరి యుండడా?” అందురు. ఇది మన నైయాయికుల పాతవాదమే. పదవ శతాబ్దిని మిథిలలోని ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనిని మిక్కిలి పదును పెట్టెను. అంతకు ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి ఒక చిక్కు ప్రశ్న వేసియుండెను: కుండ మట్టిదే, పుట్టయు మట్టిదే, అంతమాత్రమున పుట్టను కుమ్మరి చేసెననవచ్చునా? పుట్టకును కర్త లున్నారు గదా, చెదపురుగులు, అని మీరనవచ్చును. నిజమే. కాని ఆ కర్తలు వేలు. అందొక్కటియు పుట్ట యంతటి రూపు నెఱిగి కట్టినది కాదు. కార్యమును చూచి కర్తను ఊహించినను, అతడు ఒక్కడే యనియు, సర్వజ్ఞుడనియు ఎట్లు తేలును? నైయాయికులు దీనికి సమాధానములు చెప్పకపోలేదు గాని, అవి నాకు పూర్తిగా మ్రింగుడు పడలేదు. నా భక్తి ఈ వాదము మీద నిలిచినది కాదు గనుక నాకు దిగులును లేదు.

అసలు ముడి భయమున నున్నది. దేవుడు చూచుచున్నాడను భయము పోయినచో దొంగతన మేల మానవలె నని. మంచె మీద కావలివాడున్నాడని జొన్నకంకి త్రుంచనివాడు కలడు; కావలి లేకున్నను త్రుంచనివాడును కలడు. రైతు పొలమును ఎవరి కప్పగించి ఊరికి పోవును? అయినను భయము వట్టిదనను. చీకటిరాత్రి కాలు జాఱబోవువానిని అది ఎన్నిమార్లో వెనుకకు లాగియుండును. మా మేనమామగారి సత్యవ్రతము కూడ పరమ భక్తురాలైన ఆయన తల్లి పెంపకమున అబ్బినదేమో! కాని గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన సంవాదములలో ఒక దానియందు లేవదీసిన ప్రశ్నను ఇట త్రోయరాదు: దేవతలు మెచ్చుటచే మంచి మంచి యైనదా, మంచి గనుక దేవతలు మెచ్చిరా? రెండవదే యనువారు, మంచిని దానియంతట నెఱుగవచ్చునని ఒప్పుకొన్నట్లే.

మన తెలుగుదేశమున గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, నాస్తికత్వము దాచనందున అధ్యాపకపదవులు కోలుపోయిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రము స్థాపించిరి; 1947లో అది విజయవాడకు మాఱెను. అస్పృశ్యతను మాటలతో కాక, తమ కుమార్తెను దళిత యువకున కిచ్చి ఖండించిరి. 1948లో ఆ పెండ్లి సేవాగ్రామమున జరిగెను. దేవుని నమ్ము మనలో ఎందఱ మంతటి పని చేసితిమి?

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదవీస్వీకారమునకు దైవసాక్షిగా ప్రమాణమును, సత్యప్రతిజ్ఞను రెంటిని ఒప్పినది. 1969 నాటి ప్రమాణముల చట్టము న్యాయస్థానములలో సాక్షులకును ఆ వీలు నిచ్చినది. రచ్చబండకు ఆ చట్టము రాలేదు.

కొన్నేండ్ల పిమ్మట, ఆనాటి పెద్దలలో ఒకరు తమ కొడుకుల ఆస్తిపంపకమునకు మధ్యవర్తిగా మా మేనమామగారినే పిలిచిరి. “కర్పూరము తెప్పింపలే దేమి?” అని ఆయన యడుగగా అందఱును నవ్విరి. వితంతువు గట్టు మాత్రము తిరిగి రాలేదు.