మసీదు కమిటీలో మష్వరా, అమానత్

పల్నాడులో చాలా ఊళ్లలో మసీదుకు ఒక కమిటీ ఉంటుంది. సదర్, సెక్రటరీ, ఖజాంచీ, నలుగురైదుగురు మెంబర్లు. దుకాణాల అద్దె, పొలం కౌలు, జుమా చందా, ఇమాం గారి జీతం అన్నీ వారి చేతుల మీదుగానే సాగాలి. అందరూ నమాజీలే, మంచివారే. అయినా ఒక బోరు ఎండిపోతేనో, ఒక దుకాణం తక్కువ అద్దెకు పోతేనో "నేను ఆనాడే చెప్పాను" అన్న మాట లేస్తుంది. మరుసటి మష్వరాకు సగంమంది రారు. పౌరుషానికి పేరుపడిన సీమ కదా మనది!

ఇక్కడ ఉహుద్ యుద్ధాన్ని గుర్తుచేసుకోవాలి. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో మక్కా సైన్యం మదీనాపైకి వచ్చింది. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలని దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్లి పోరాడదామన్నారు. ఎక్కువమంది అటే మొగ్గడంతో ఆయన తమ అభిప్రాయాన్ని పక్కనపెట్టి బయలుదేరారు. ఆ యుద్ధంలో సుమారు 70 మంది సహచరులు అమరులయ్యారు. ఆయనా గాయపడ్డారు. (కొండ మీది విలుకాండ్రు స్థానం వదలడమే ఆ నష్టానికి పెద్ద కారణం, అది వేరే సంగతి.) ఇక వీరిని సలహా అడగనక్కర లేదని మనబోటివారు అనుకునే ఘడియ అది. కాని ఆ తర్వాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు వారిని మన్నించమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని ఆదేశించింది. మష్వరా చేసిన నిర్ణయం బెడిసికొట్టిన తర్వాత కూడా మష్వరా మానరాదన్నమాట.

ఇక అమానత్. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తమకు లభించిన భూమిని వక్ఫ్ చేస్తూ షరతులు స్పష్టంగా పెట్టారు. దానిని అమ్మరాదు, వారసత్వంగా పంచరాదు. నిర్వాహకుడు అందులోంచి ధర్మబద్ధంగా తినవచ్చు, సొంత ఆస్తి కూడబెట్టుకోరాదు. తమ అనంతరం ఆ బాధ్యతను కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించారు. కమిటీలో స్త్రీల పేరెత్తితే నవ్వేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ముతవల్లీ ఏటా జమాఖర్చుల వివరాలు వక్ఫ్ బోర్డుకు సమర్పించాలని 1995 చట్టం చెప్పింది. 2025 సవరణతో వక్ఫ్ ఆస్తుల వివరాలు పోర్టల్‌లో ఎక్కించవలసి వచ్చింది. అందుకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. ఆ సవరణపై మన సమాజంలో ఉన్న అభ్యంతరాలు అలా ఉంచండి. దస్తావేజు ఏ ట్రంకుపెట్టెలో ఉందో ఒక్క పెద్దాయనకే తెలిసిన ఊళ్లో, ఆయన కన్నుమూస్తే ఏ గడువు సరిపోతుంది?

యువకులకు పని అప్పగించడానికి మన పెద్దలు జంకుతారు. దైవప్రవక్త (స) తమ చివరి రోజుల్లో సుమారు ఇరవై ఏళ్ల ఉసామా బిన్ జైద్ (రజి)ను సేనాపతిగా నియమించినప్పుడు కూడా కొందరు గొణిగారు. ఆ తర్వాత ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ నియామకాన్ని మార్చలేదు. గుర్రంపై ఉన్న ఉసామా పక్కన తాము కాలినడకన వెళ్లి సాగనంపారు. హజ్రత్ ఉమర్‌ను మదీనాలో ఉంచుకోవడానికి ఆ యువకుని అనుమతి అడిగారు.

నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాలలోనైనా కమిటీలు ఈ నెలే మొదలుపెట్టవచ్చు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, మసీదు గోడ మీద నెలవారీ లెక్క, దస్తావేజుల నకళ్లు ముగ్గురి ఇళ్లలో. ఖజాంచీ పక్కన ఒక యువకుణ్ణి కూర్చోబెట్టి లెక్క వ్రాయించాలి. ఆరు నెలల తర్వాత జుమా నమాజు కాగానే ఆ లెక్క అతనే చదవాలి. జమాఅత్ అడిగే ప్రశ్నలకూ ఖజాంచీ గారు కాక, అతనే జవాబు చెప్పాలి.